బెస్సీ కోల్‌మన్: మరిచిపోయిన ఒక పానా

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే నేనూ బడి జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ ప్రార్థన గంట గురించీ, వేపచెట్టు కింద పెట్టిన పరీక్షల గురించీ, లెక్కల మాస్టారి బెత్తం గురించీ నాకంటే బాగా రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా యంత్రాల మధ్య బతికినవాణ్ణి. నాకు తెలిసిందల్లా నట్లు, బోల్టులు, బేరింగులు. అందుకని నా ఉద్యోగంలో నన్ను ఒక మంచి దారిలో పెట్టిన ఒక మనిషి కథ రాస్తున్నాను. ఆమెను నేను చూడలేదు. చూసే అవకాశమూ లేదు. నేను పుట్టడానికి నాలుగు దశాబ్దాల ముందే, 1926లో, ఒక చిన్న విమాన ప్రమాదంలో ఆమె చనిపోయింది. పేరు బెస్సీ కోల్‌మన్.

అమెరికా మహిళా పైలట్ అనగానే మనకు అమీలియా ఇయర్‌హార్ట్ గుర్తొస్తుంది. మన పాఠ్యపుస్తకాలలోనూ, క్విజ్ పోటీలలోనూ ఆ పేరే వినేవాళ్ళం. అమీలియాకు అంతర్జాతీయ పైలట్ లైసెన్సు వచ్చింది 1923లో. దానికి రెండేళ్ళ ముందే, 1921లోనే, బెస్సీ ఆ లైసెన్సు సంపాదించింది. అలా సంపాదించిన మొట్టమొదటి నల్లజాతి అమెరికన్ మహిళ ఆమె.

పత్తి చేల మధ్య బడి

బెస్సీ 1892 జనవరి 26న టెక్సస్ రాష్ట్రంలోని అట్లాంటా అనే చిన్న ఊళ్ళో పుట్టింది. జార్జియా రాష్ట్రంలో ఉన్న పెద్ద అట్లాంటా వేరు, ఇది వేరు. పదముగ్గురు పిల్లల్లో ఆమె పదోది. తల్లి సూసన్ నల్లజాతి స్త్రీ. తండ్రి జార్జ్‌లో అమెరికా ఆదివాసుల రక్తం కూడా ఉంది. బెస్సీకి రెండేళ్ళప్పుడు కుటుంబం వాక్సహాచీ అనే ఊరికి మారింది. అది పత్తి సీమ. ఎటు చూసినా పత్తి చేలే.

బానిసత్వం పోయి అప్పటికి ముప్పై ఏళ్ళు దాటినా, టెక్సస్‌లో నల్లవాళ్ళ బతుకు మారలేదు. బడి వేరు, రైలుపెట్టె వేరు, ఓటు వేయనివ్వరు. ఏ చిన్న నెపంతోనైనా గుంపుగా వచ్చి మనిషిని చెట్టుకు ఉరితీసే రోజులు. ఆ వివక్ష భరించలేక 1901లో తండ్రి ఓక్లహోమా వెళ్ళిపోదామన్నాడు. తల్లి రానంది. ఆయన వెళ్ళిపోయాడు. పిల్లల బరువంతా తల్లి మీద పడింది. ఆమె తెల్లవాళ్ళ ఇళ్ళల్లో వంటా, పాచిపనీ చేసి ఇల్లు గడిపింది. ఇంట్లో చిన్న పిల్లల్ని సాకే పని బెస్సీది.

నల్ల పిల్లల బడి ఒకే ఒక్క గది. రోజూ నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళాలి. బెస్సీ లెక్కల్లో దిట్ట. కానీ పత్తి తీతకు వచ్చిందంటే బడి మూతే. పిల్లలందరూ చేలోకి పోవలసిందే. తీసిన పత్తికి తూకం లెక్క, కూలి లెక్క ఇంట్లో బెస్సీయే చూసేదంటారు.

ఇక్కడ నేను కాసేపు ఆగాలి. ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నాకు టెక్సస్ కనపడలేదు, మన ఊరే కనపడింది. మనం చదువుకున్న రోజుల్లో సంక్రాంతికి ముందూ వెనకా మన తరగతులు ఎలా పలచబడేవో మీకు గుర్తుండే ఉంటుంది. హాజరు పిలుస్తుంటే వరసగా ఆబ్సెంట్లు. ఆ పిల్లలందరూ చెంగుల్ని ఒడిగా కట్టుకుని పత్తి చేలల్లో ఉండేవాళ్ళు. నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పేరు రాయను. మాస్టారు బోర్డు మీద లెక్క వేయడం పూర్తి కాకముందే జవాబు చెప్పేది. ఏడో తరగతిలో పత్తి తీతలకని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆమె ఎందుకు రావడం లేదని మాలో ఎవరమూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ ఏడాది లెక్కల్లో మొదటి మార్కు నాకొచ్చింది. ఎలా వచ్చిందో నాకు బాగా తెలుసు.

ఒక్క టర్ముతో ఆగిన చదువు

బెస్సీ బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి దాచుకున్న డబ్బుతో 1910లో, పద్దెనిమిదో ఏట, ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్‌లో నల్లవాళ్ళ కోసం నడిపే కళాశాలలో చేరింది. ఒక్క టర్ము చదివింది. డబ్బు అయిపోయింది. తిరిగి వాక్సహాచీకి, మళ్ళీ చాకిరేవు పనికి.

1915లో, ఇరవై మూడేళ్ళ వయసులో, అన్నల దగ్గరికి షికాగో వెళ్ళింది. ఒక క్షౌరశాలలో గోళ్ళు తీర్చిదిద్దే పనికి కుదిరింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక సైనికులు అక్కడికి వచ్చి ఫ్రాన్సు కబుర్లు, విమానాల కబుర్లు చెప్పుకునేవారు. ఫ్రాన్సులో పని చేసి వచ్చిన ఆమె అన్న జాన్, అక్కడి ఆడవాళ్ళు విమానాలు నడుపుతున్నారనీ, ఇక్కడి నల్ల ఆడవాళ్ళకు అది ఎన్నటికీ చేతకాదనీ ఆటపట్టించేవాడు. ఆ ఎగతాళి ఆమెలో పంతమై కూర్చుంది.

విమానం నేర్పమని అమెరికాలో తనకు తెలిసిన బడులన్నీ అడిగింది. ఎవరూ చేర్చుకోలేదు. ఆడది కావడం ఒక కారణం, నల్లది కావడం రెండో కారణం. అప్పుడు షికాగో డిఫెండర్ అనే నల్లవాళ్ళ పత్రిక స్థాపకుడు రాబర్ట్ అబ్బట్ ఆమెకు ఒక దారి చూపాడు. ఫ్రాన్సులో ఈ పట్టింపులు లేవు, అక్కడికి వెళ్ళి నేర్చుకొమ్మన్నాడు. ఆమె ఫ్రెంచి నేర్చుకుంది. గోళ్ళ పనికి తోడు ఒక చిన్న హోటలు నడిపే పని కూడా చేసి డబ్బు కూడబెట్టింది. అబ్బట్, బ్యాంకరు జెస్సీ బింగా కొంత సాయం చేశారు. 1920 నవంబరు 20న న్యూయార్క్‌లో ఓడ ఎక్కింది.

ఉత్తర ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డున లె క్రొటోయ్ అనే ఊళ్ళో కొద్రోన్ సోదరుల విమాన పాఠశాల ఉండేది. అక్కడ న్యూపోర్ 82 రకం విమానం మీద ఏడు నెలలు నేర్చుకుంది. కర్ర చట్రం, గుడ్డ రెక్కలు, పైనొకటి కిందొకటి రెండు జతల రెక్కలు. పైకప్పు ఉండదు. ఒక చేతికర్ర, కాళ్ళ కింద ఒక అడ్డపట్టీ, వాటినుంచి రెక్కలకూ తోకకూ లాగిన తీగలు. నడిపే సాధనాలు అవే. ప్రతిసారీ ఎగరబోయే ముందు రెక్కలూ, తీగలూ, నట్లూ అన్నీ చేత్తో తడిమి చూసుకోవలసిందే. ఆమె కళ్ళముందే తోటి విద్యార్థి ఒకరు కూలి చనిపోయారు. అయినా వెనక్కి తిరగలేదు. 1921 జూన్ 15న అంతర్జాతీయ ఏరోనాటిక్స్ సమాఖ్య ఆమెకు లైసెన్సు ఇచ్చింది.

ఒకే గేటు

అమెరికా తిరిగి వచ్చాక పత్రికలు మెచ్చుకున్నాయి గానీ ఉద్యోగం ఎవరిస్తారు? అప్పటికి ప్రయాణికుల విమానాలు ఇంకా చాలా అరుదు. పైలట్‌కు బతుకుతెరువు అంటే జనం ముందు గాలిలో విన్యాసాలు చేసి టిక్కెట్టు డబ్బులు తెచ్చుకోవడమే. దానికి ఇంకా నైపుణ్యం కావాలి. మళ్ళీ యూరప్ వెళ్ళి ఫ్రాన్సు, హాలెండు, జర్మనీలలో మరికొంత నేర్చుకుని వచ్చింది. 1922 సెప్టెంబరు 3న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో తొలి ప్రదర్శన ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన నల్ల సైనికుల దళాన్ని గౌరవించడానికి ఏర్పాటైన ప్రదర్శన అది. తరవాత షికాగోలో, తన వాళ్ళ ముందు ఎగిరింది.

1923 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో మొదటి పెద్ద దెబ్బ తగిలింది. అప్పుడే కొనుక్కున్న పాత యుద్ధ విమానం ఎగిరిన కొద్దిసేపటికే ఇంజన్ ఆగిపోయి కూలిపోయింది. కాలు విరిగింది, పక్కటెముకలు విరిగాయి. నెలల తరబడి ఆసుపత్రి. విమానం తునాతునకలు. ఆ తరవాత దాదాపు రెండేళ్ళపాటు ఆమెకు సరైన ప్రదర్శనలు లేవు. మంచం మీద నుంచే, నడవగలిగిన రోజున మళ్ళీ ఎగురుతానని తంతి పంపింది.

ఎగిరింది కూడా. 1925 జూన్ 19న, టెక్సస్ నల్లవాళ్ళు తమ బానిసత్వ విముక్తి దినంగా జరుపుకునే రోజున, హ్యూస్టన్‌లో ప్రదర్శన ఇచ్చింది. సొంత ఊరు వాక్సహాచీలో ప్రదర్శన పెట్టినప్పుడు, నల్లవాళ్ళకొక గేటు తెల్లవాళ్ళకొక గేటు అన్నారు నిర్వాహకులు. అందరికీ ఒకే గేటు ఉంటేనే ఎగురుతానని ఆమె పట్టుబట్టింది. చివరికి ఒప్పుకున్నారు. లోపల కూర్చునే చోట్లు మాత్రం వేరుగానే ఉంచారు. ఆమె గెలిచింది గేటు వరకే. కానీ ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఆ గేటే పెద్ద విజయం.

అంతకుముందే ఒక సినిమాలో నటించే అవకాశం వచ్చింది. తొలి సన్నివేశంలో చిరుగుల బట్టలతో, చేతికర్రతో, వీపున మూటతో కనపడాలన్నారు. తన జాతిని అలా చూపించడానికి ఒప్పుకోనని ఆ అవకాశాన్ని వదులుకుంది. చేతిలో డబ్బు లేని రోజుల్లో వదులుకుంది. ఇదంతా ఎందుకంటే, ఆమె మనసులో ఉన్నది ఒకటే కోరిక. నల్లవాళ్ళకు విమానం నేర్పే బడి ఒకటి పెట్టాలి. చర్చిలలో, థియేటర్లలో ఉపన్యాసాలు ఇచ్చి, తన విమాన విన్యాసాల ఫిల్ములు చూపించి, పైసా పైసా కూడబెట్టింది ఆ బడి కోసమే. ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఉన్నప్పుడు అందుకోసం ఒక బ్యూటీ పార్లర్ కూడా నడిపింది.

1926 ఏప్రిల్ 30

ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో మే 1న ప్రదర్శన ఖాయమైంది. దానికోసం టెక్సస్‌లోని డాలస్‌లో ఒక విమానం కొన్నది. కర్టిస్ జె.ఎన్.-4. అందరూ ముద్దుగా జెన్నీ అనేవారు. యుద్ధకాలంలో శిక్షణ కోసం వేలకొద్దీ తయారై, యుద్ధం అయ్యాక మిగులు సరుకుగా చౌకగా అమ్ముడుపోయిన విమానాలవి. ముందొకటి, వెనకొకటి రెండు సీట్లు. తొంభై హార్స్‌పవర్ ఇంజన్. కొత్తగా ఉన్నప్పుడు మంచి విమానమే. ఏళ్ళ తరబడి చేతులు మారి, సరైన మరమ్మత్తు లేక పాతబడ్డ జెన్నీ మాత్రం ప్రాణాంతకం.

ఆమె మెకానిక్, పైలట్ విలియం విల్స్. ఇరవై నాలుగేళ్ళవాడు. డాలస్ నుంచి జాక్సన్‌విల్‌కు ఆ విమానాన్ని అతనే నడుపుకొచ్చాడు. ఇంజన్ మొరాయించి దారిలో ఒకటికి రెండుసార్లు ఎక్కడంటే అక్కడ దిగవలసి వచ్చింది. మా పరిభాషలో చెప్పాలంటే, యంత్రం ముందే నోరు తెరిచి చెప్పింది.

ఏప్రిల్ 30 ఉదయం ఇద్దరూ పైకెళ్ళారు. మర్నాడు విమానంలోంచి పారాచూట్‌తో దూకే విన్యాసం ఉంది. ఎక్కడ దిగాలో నేలను చూసుకోవాలి. నడుపుతున్నది విల్స్. బెస్సీ రెండో సీట్లో ఉంది. ఆమె పొట్టి మనిషి. కూర్చుంటే అంచు మీదుగా కిందికి కనపడదు. అందుకని సీటు బెల్టు పెట్టుకోలేదు. ఎగిరిన పది నిమిషాలకు విమానం ఉన్నట్టుండి ముక్కు కిందికి వాల్చి, గిరగిరా తిరుగుతూ పడసాగింది. తలకిందులైనప్పుడు బెస్సీ బయటికి విసిరివేయబడి నేలమీద పడి అక్కడికక్కడే చనిపోయింది. విల్స్ విమానంతోపాటు కూలి చనిపోయాడు. శిథిలాలకు నిప్పంటుకుంది. ఆమె వయసు 34 ఏళ్ళు.

కాలిన శిథిలాలు వెతికితే కారణం దొరికింది. ఇంజన్ పనికి వాడే పానా ఒకటి. ఎక్కడో మరిచిపోయిన పానా జారి వెళ్ళి గేర్లలో ఇరుక్కుని, కంట్రోళ్ళను బిగించేసింది. విల్స్ ఎంత లాగినా విమానం మాట వినలేదు.

పత్తి చేను ఆపలేదు. డబ్బు లేకపోవడం ఆపలేదు. తెల్లవాళ్ళ విమాన బడుల తలుపులు ఆపలేదు. విరిగిన కాలు ఆపలేదు. జానెడు పానా ఆపింది.

జాక్సన్‌విల్‌లో, ఓర్లాండోలో, చివరికి షికాగోలో వేలాది మంది ఆమెకు వీడ్కోలు చెప్పారు. షికాగోలో ఆ సభను నడిపింది నల్లవాళ్ళ హక్కుల కోసం జీవితమంతా పోరాడిన పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్. తెల్లవాళ్ళ పత్రికలు మాత్రం ఎక్కువగా విల్స్ గురించే రాశాయి. ఆమె కోరుకున్న బడిని ఆమె చూడలేదు. కానీ మూడేళ్ళకు, 1929లో, విలియం పవెల్ అనే ఇంజనీరు లాస్ ఏంజెలిస్‌లో ఆమె పేరు మీద ఒక విమాన క్లబ్బు స్థాపించి నల్ల యువతీయువకులకు విమానం నేర్పించాడు. 1931 నుంచి నల్లజాతి పైలట్లు షికాగోలో ఆమె సమాధి మీదుగా ఎగురుతూ పూలు జారవిడిచే ఆనవాయితీ మొదలైంది. 1992లో అంతరిక్షానికి వెళ్ళిన తొలి నల్లజాతి మహిళ మే జెమిసన్ తనతో బెస్సీ ఫోటో తీసుకెళ్ళింది. 1995లో అమెరికా తపాలా శాఖ ఆమె బిళ్ళ విడుదల చేసింది.

నా సంతకం

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో టర్బైన్ ఓవర్‌హాల్ జరుగుతోంది. రోటారు కూర్చోబెట్టాం. పై కేసింగ్ దించి మూసేయడమే మిగిలింది. మూసే ముందు లోపలికి వెళ్ళిన పనిముట్లన్నీ బయటికి వచ్చాయో లేదో లెక్క చూసి, రిజిస్టరులో సంతకం చేయాలి. ఆ పని నాది. రాత్రి పది దాటింది. మర్నాటికి యూనిట్ సిద్ధం కావాలని పైనుంచి ఒత్తిడి. లెక్కలో ఒక రింగు పానా తక్కువ వచ్చింది. ఎవడో పక్క పనికి పట్టుకుపోయి ఉంటాడని అన్నారు. నేనూ అదే అనుకున్నాను. సంతకం పెట్టేశాను.

కేసింగ్ దించడానికి క్రేను సిద్ధమైంది. సైగ చేయవలసిన ముసలి ఫిట్టరు చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఆయన అయిదో తరగతి దాకా చదివిన మనిషి. పానా కనపడేదాకా చెయ్యి ఎత్తనన్నాడు. నేను కసురుకున్నాను. రిజిస్టరు చూపించాను. సంతకం తిరుగుతుందా సార్, రోటారు కదా తిరిగేది అన్నట్టు ఒక చూపు చూసి ఊరుకున్నాడు. మూడు గంటలు వెతికాం. చివరికి అద్దం, టార్చి పెట్టి చూస్తే, కింది కేసింగ్‌లో ఒక ఆవిరి గొట్టం మూతి దగ్గర కనపడింది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే యంత్రం అది. ఆ ఇనప ముక్క బ్లేడ్ల మధ్యకు ఎగిరి ఉంటే ఏమయ్యేదో ఇంజనీర్లకు చెప్పనక్కర్లేదు. మిగిలినవారికి ఒక్క ముక్కలో చెబుతాను: ఆ హాలులో ఉన్న మేమెవరం ఇళ్ళకు వెళ్ళేవాళ్ళమో కాదో.

ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇన్నేళ్ళకు ఇక్కడ రాస్తున్నాను. ఆ తరవాత కొన్నేళ్ళకు ఒక భద్రతా శిక్షణ తరగతిలో, యంత్రాల్లో పనిముట్లు మరిచిపోతే ఏమవుతుందో చెబుతూ బెస్సీ కోల్‌మన్ పేరు చెప్పారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. విల్స్ చెడ్డ మెకానిక్ అని నేను అనుకోను. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, డబ్బులేని యజమానురాలు, పాత విమానం, మర్నాడే ప్రదర్శన. తొందరలో ఉన్నాడు. నేనూ ఆ రాత్రి తొందరలోనే ఉన్నాను. తేడా ఒకటే. నా పక్కన చెయ్యి ఎత్తని ఫిట్టరు ఉన్నాడు. అతని పక్కన లేడు.

ఆనాటి నుంచి నేను పని చేసిన చోటల్లా ప్రతి పనిముట్టుకు నంబరు, గోడ మీద దాని ఆకారం గీసిన బోర్డు, లోపలికి పోయేవాడి జేబులో పెన్నూ చిల్లరా కూడా బయట పెట్టించడం, లెక్క సరిపోకపోతే ఎంత రాత్రయినా పని ఆపడం. చాదస్తం అని నవ్వుకునేవారున్నారు. నవ్వనీ.

మన బడి నుంచి చాలామంది ఇంజనీర్లం అయ్యాం. మన వెనక వచ్చే పిల్లలూ అవుతారు. వాళ్ళకు నేను చెప్పగలిగింది, లెక్క సరిపోయేదాకా సంతకం పెట్టకండి. మీకంటే తక్కువ చదువుకున్నవాడు వద్దంటే, ముందు ఆగి వినండి.

సంఘం కార్యవర్గానికి ఒక మనవి కూడా. మన ఉపకార వేతనాలు ఏటా పదో తరగతి ఫలితాలు వచ్చాక, మొదటి ర్యాంకుల వాళ్ళకు ఇస్తున్నాం. మంచిదే. కానీ బెస్సీకి డబ్బు అయిపోయింది ఒక టర్ము తరవాత, చదువు మధ్యలో. నా తరగతి అమ్మాయి పోయింది ఏడో తరగతిలో, సంక్రాంతి నెలలో. మనం ఇచ్చేనాటికి అలాంటి పిల్లలు బడిలోనే ఉండరు. ఈ స్వర్ణోత్సవం నుంచి కొంత సొమ్ము విడిగా ఉంచి, పత్తి తీతల కాలంలో హాజరు పట్టీ చూసి, రాని పిల్ల ఇంటికి ఒక మనిషిని పంపే ఏర్పాటు చేద్దాం. మొదటి ఏడాది ఖర్చు నాది. ఆ ఇంటికి వెళ్ళే మనిషిగా కూడా నన్నే పంపితే సంతోషిస్తాను. నలభై ఏళ్ళ కిందట అడగవలసిన మాట ఇప్పుడైనా అడుగుతాను.